ఒకే కారు, రెండు బాటలు

కామారెడ్డిలో నివసిస్తూ ఎల్లారెడ్డిలో ఉద్యోగం చేస్తున్న మిత్రుని కుమారుడొకడు ఇటీవల నన్నొక సలహా అడిగాడు. ప్రతిదినమూ లింగంపేట మీదుగా పోను సుమారు నలభై, రాను నలభై కిలోమీటర్లు అతడు ప్రయాణం చేయాలి. ఏడాదికి ఒకటి రెండు పర్యాయాలు అదే కారును చెన్నైకి చేరువనున్న ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాకు మీద నడపాలని అతని కోరిక. రెండు కార్లు కొనే స్తోమత లేదు. “చిన్నాయనా, పాతవాటిలో ఏది కొనమంటరు?” అన్నాడు.

శ్రోతలకు ఇది విలాసపు ప్రశ్నగా తోచవచ్చు. కాని అతడు వెచ్చించబోయేది మూడేళ్ళ పొదుపు. అదిగాక ఆ దారి అతనొక్కనిది కాదు. చెరకు ట్రాక్టర్లు, బడిపిల్లల సైకిళ్ళు అన్నీ దాని మీదనే. కోతల కాలంలో రోడ్డులో సగం వెడల్పు వడ్ల కల్లమై కూర్చుంటుంది. ట్రాకుకు తగిన కారు ఈ దారికి తగకపోతే నష్టం డబ్బుతో పోదు.

మన దేశంలో స్పోర్ట్స్ కారు అనే పేరుతోనే తయారైనవి బహు స్వల్పం. 1953లో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఏర్పడిన తరువాత షోలవరంలోని యుద్ధకాలపు విమానాల బాట మీద పందెములు సాగిన రోజులలో సైతం, ఇంటిల్లిపాదీ ఎక్కే ఫియట్, హెరాల్డ్ కార్లనే మెరుగుపరచి పరుగెత్తించేవారు. 1990లో ఇరుంగాట్టుకోట్టై ట్రాకు తెరిచిన పిమ్మట కూడ ఆ సంప్రదాయమే కొనసాగింది. కనుక పాత కార్లలో మనవాడు ఎంచుకోదగినవి నాలుగు: శాన్ స్టార్మ్, ఫియట్ పాలియో 1.6, హోండా సిటీ వీటెక్, మారుతీ ఎస్టీమ్.

స్టార్మ్ రూపంలో నిజమైన స్పోర్ట్స్ కారు. ఇద్దరికే చోటు, ఫైబర్ గ్లాసు దేహం, పైకప్పు తీసివేయవచ్చు. 1998 ప్రాంతంలో గోవాలో తయారైనది. కాని లోపల ఉన్నది సుమారు 60 అశ్వశక్తి గల రెనో ఇంజను. తయారైనవే కొద్ది, ఒక దీపపు అద్దం పగిలితే నెలల తరబడి వెదకాలి. నేలకు అంత దగ్గరగా ఉండే బండి మన ఊళ్ళ స్పీడు బ్రేకర్లను ఎన్నాళ్ళు సహిస్తుంది? దానిని వదలివేయమన్నాను.

హోండా సిటీ వీటెక్ విషయం ఆసక్తికరం. ఇంజనులోనికి గాలిని విడిచే కవాటాలు ఎంత తెరుచుకోవాలో కామ్ అనే ఉబ్బు నిర్ణయిస్తుంది. వీటెక్ ఇంజనులో నెమ్మదిగా తిరిగేటప్పుడు ఒక కామ్, వడిగా తిరిగేటప్పుడు మరింత ఎత్తైన మరొక కామ్ పని చేస్తాయి. దాని 106 అశ్వశక్తి పూర్తిగా చేతికి అందేది నిమిషానికి 6800 చుట్ల దగ్గర. ట్రాకు మీద అది అద్భుతం. లింగంపేట దారిలో ఆ చుట్లు చేరుకునే సందర్భమే రాదు, రాకూడదు కూడ. కొన్న శక్తి బీరువాలో నగవలె ఉండిపోతుంది.

పాలియో 1.6 గతుకులను మ్రింగినట్లు పోతుంది. శక్తి సుమారు 100. నాకు స్వయంగా ఇష్టమైన బండి. కాని బరువు పది క్వింటాళ్ళ పైచిలుకు, పెట్రోలు ఖర్చు అధికం. ఫియట్ సంస్థ మన దేశంలో కార్ల అమ్మకమే మానివేసినందున విడిభాగాలు నానాటికి కరవగుచున్నవి.

ఇక ఎస్టీమ్. 1994లో వచ్చినది, 1999 తరువాతి పదహారు కవాటాల రకానికి 85 అశ్వశక్తి. తక్కువ కదా అంటారు. కాని దాని బరువు సుమారు 875 కిలోలే. బరువుతో శక్తిని భాగించి చూడండి: పాలియోతో ఇంచుమించు సమానం! తేలిక బండికి బ్రేకుల మీద, టైర్ల మీద భారం తక్కువ. దాని ఇంజను కుటుంబమే జిప్సీలోను, మొదటి తరం స్విఫ్టులోను ఉన్నందున విడిభాగాల కొరత లేదు, మెకానిక్కుకు కొత్త కాదు. నా ఓటు దానికే.

కాని ఏ కారు అన్నదానికంటె ఏ స్థితిలో ఉన్నదన్నదే పెద్ద ప్రశ్న. బ్రేకు చేసే పని కదలికను వేడిగా మార్చడం. వేగం రెండింతలైతే ఆ వేడి నాలుగింతలు. సుమారు 3.7 కిలోమీటర్ల ఇరుంగాట్టుకోట్టై ట్రాకులో పన్నెండు మలుపులున్నవి. చల్లారే వ్యవధి లేదు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకునే స్వభావం కలది. డాట్ 3 రకం కొత్తదైతే కనీసం 205 డిగ్రీల వరకు మరగదు. తేమ పట్టిన తరువాత 140 డిగ్రీలకే మరగవచ్చు. మరిగితే ఆవిరి బుడగలు పుట్టి, పెడలు మెత్తగా క్రిందికి పోతుంది, బండి ఆగదు. డాట్ 4 రకానికి ఆ అంకెలు 230, 155. కనుక మొదటి ఖర్చు దీనికి, దీనితోబాటు బ్రేకు ప్యాడ్లకు.

రెండవది టైర్లు. ప్రక్క గోడ మీద నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. గాట్లు లోతుగా కనిపించినా వయసు మళ్ళిన రబ్బరు గట్టిపడి పట్టు వదులుతుంది. ఇంజను శక్తి పెంచే ఆలోచన కట్టకడపటిది. పైగా 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశానికి విరుద్ధంగా మార్చిన బండి రోడ్డుకు పనికిరాదు. రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళకు ముగిసి, తరువాత ఐదేళ్ళ చొప్పున తనిఖీతో పొడిగింపు పొందవలసి ఉంటుంది కాబట్టి కాగితాలు ముందే చూసుకోవాలి.

సముద్రపు గాలి తగిలిన ఊళ్ళ కారులో తుప్పు ఎక్కువ. ధర తక్కువని అటువైపు పోవద్దని కూడ చెప్పాను. మొన్న ఆదివారం అతడు హైదరాబాదులో 2003 నాటి ఎస్టీమ్ ఒకటి చూసి వచ్చాడు. రంగు బాగున్నదట, ఇంజను చప్పుడు ఇంపుగా ఉన్నదట. డిక్కీలో స్టెప్నీ ఎత్తి, దాని క్రింది రేకు చూశావా అని అడిగాను. చూడలేదట. వచ్చే ఆదివారం మళ్ళీ వెళుతున్నాడు.