ఒళ్లు గట్టిగా ఉంటే గుండె గట్టిదేనా?

2022 ఫిబ్రవరి 21న ఆంధ్రప్రదేశ్ పరిశ్రమల మంత్రి, ఆత్మకూరు ఎమ్మెల్యే మేకపాటి గౌతమ్ రెడ్డి హైదరాబాదులో గుండెపోటుతో కన్నుమూశారు. వయసు 50 ఏళ్లు. క్రమం తప్పక వ్యాయామం చేసే మనిషి. రెండు రోజుల తర్వాత ఉదయగిరిలో అంత్యక్రియలు జరిగాయి. అంతటి మనిషికే గుండెపోటు వచ్చిందంటే, ఫ్యాక్టరీలో ఒళ్లు వంచి పనిచేసేవాళ్ల సంగతేమిటి?

"రోజంతా బరువులు మోస్తాను, నాకు గుండె జబ్బేంటి?" అనే ధీమా మన కార్మికుల్లో చాలామందికి ఉంది. నన్ను భయపెట్టేది ఆ ధీమానే. అరగంట వ్యాయామం చేశాక గుండెకు విశ్రాంతి దొరుకుతుంది. పది, పన్నెండు గంటల చాకిరీలో అది దొరకదు. బీపీ గంటల తరబడి పైనే ఉంటుంది. బాయిలర్ల దగ్గర, కొలుముల దగ్గర చెమటతో నీరూ ఉప్పూ పోయి రక్తం చిక్కబడుతుంది. ఒంటిని చల్లబరచడానికి గుండె ఇంకా వేగంగా కొట్టుకోవాలి. సరిగా మండని ఇంధనం నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్, రక్తం మోసుకెళ్లాల్సిన ఆక్సిజన్ చోటును ఆక్రమిస్తుంది. సన్నటి ధూళి ఊపిరితిత్తులతో ఆగదు, రక్తనాళాలనూ దెబ్బతీస్తుంది. యంత్రాల మోత, నైట్ షిఫ్టులు వీటికి తోడు. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి గుండె జబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో తేల్చాయి. ఓటీ డబ్బులు లెక్కపెట్టుకునేటప్పుడు ఈ లెక్క కూడా చూడాలి.

ఛాతీ మీద బరువు పెట్టినట్టుండి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకి, చల్లటి చెమటలు పడితే "గ్యాస్ పట్టింది" అని సోడా తాగి పడుకోవద్దు. షుగర్ ఉన్నవాళ్లకు నొప్పే తెలియకపోవచ్చు, ఆయాసం ఒక్కటే రావచ్చు. ఉదయగిరి నుంచి పెద్దాసుపత్రులున్న నెల్లూరు సుమారు 100 కిలోమీటర్లు. అంత దూరం వెళ్లేలోగా గుండె కండరం చచ్చిపోతూనే ఉంటుంది. అందుకే వెంటనే 108కి ఫోన్ చేసి, ఈసీజీ తీసే దగ్గరి ప్రభుత్వాసుపత్రికి ముందు చేరాలి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ అవసరమైతే అక్కడ దొరుకుతుందేమో అడగాలి. నెల్లూరు ప్రయాణం ఆ తర్వాతే.

30 ఏళ్లు దాటినవాళ్లకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్ ఉచితంగా చూస్తారు. ఈఎస్ఐ వర్తించే ఫ్యాక్టరీలో నెలకు రూ. 21 వేల వరకు జీతమున్న కాంట్రాక్టు కార్మికుడికీ ఆ వైద్య బీమా కార్డు హక్కే. కొత్త పనిలో చేరిన రోజే మేస్త్రీని కార్డు అడగండి.