పుల్ల చిగురిస్తుందా?

చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకొనడం పాత సామెత. ఇప్పుడు కాయ పేరు చెప్పి పుల్లలమ్మే రోజులు వచ్చినవి! చలికాలంలో హిమాచల్ ప్రదేశ్ నుంచి ఆపిల్ మొక్కలు తెప్పించుకొనేవారు మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి అపార్టుమెంట్లలోనూ ఉన్నారు. పార్సిలు విప్పితే ఆకు లేదు, మట్టి లేదు. వేళ్లున్న ఒక బోడి పుల్ల. మోసపోయామేమోనని ఇల్లాలు కంగారుపడుతుంది. మోసం కాదు, చెట్టు నిద్రపోతున్నది, అంతే.

చలి ప్రాంతాలలో ఆపిల్, పీచ్ వంటి చెట్లు శీతకాలంలో ఆకులు రాల్చి నిద్రిస్తవి. అప్పుడు వాటికి నీటి అవసరం బహు స్వల్పం. అందుచేతనే మట్టి దులిపి, వేళ్లకు తడి చుట్టి దూరాలకు పంపగలుగుతున్నారు. మన మామిడికి, సపోటాకు ఆ నిద్ర లేదు. వాటిని వేళ్ల చుట్టూ మట్టి ముద్ద ఉండగానే కొనాలి. చెట్టును మన పెద్దలు పాదపమన్నారు, అంటే పాదాలతో త్రాగేది. ఆ పాదం ఎండిందా, ఇక ఆశ వదులుకోవలసినదే.

కాబట్టి పార్సిలు వచ్చిన నాడే వేళ్లను రెండు మూడు గంటలు బకెట్టు నీళ్లలో ఉంచండి. విరిగిన వేళ్లు కత్తిరించండి. అడుగున రంధ్రాలున్న పద్ధెనిమిది అంగుళాల కుండీలో రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక కలిపి నింపండి. అంటు కట్టిన చోటు మట్టికి మూడు అంగుళాల పైన ఉండాలి సుమా! పుల్లను రెండున్నర అడుగుల ఎత్తున కత్తిరించి, నీరు పోయండి. చిగురు వేసేదాకా రసాయనిక ఎరువు జోలికి పోవద్దు. తడిసిన కుండీ క్వింటాలు దాటుతుంది. బాల్కనీ అంచున కాక గోడ పక్కన పెట్టండి.

మరి కాస్తుందా? పాత ఆపిల్ రకాలకు ఏడు డిగ్రీలకు లోపు చలి వెయ్యి గంటల దాకా కావాలి. హైదరాబాదులో అంత చలి ఎక్కడిది? బిలాస్‌పూర్ జిల్లా రైతు హరిమన్ శర్మ తక్కువ చలితో కాసే హెచ్.ఆర్.ఎం.ఎన్.-99 రకాన్ని తయారు చేశారు. 2025లో ఆయనకు పద్మశ్రీ లభించినది. మన ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలంలో కూడా ఒక రైతు 2020లో ఆపిల్ కాయించారు. జావా ద్వీపంలోనైతే చలి లేని లోటు తీర్చడానికి ఆకులు చేత్తో దూసి చెట్టును పూతకు తెస్తారు. అంటే అసాధ్యం కాదు. అయితే మే నెల ఎండలో కుండీ వేళ్లు ఉడికిపోకుండా నీడ పట్టడం మీ వంతు.

అంత శ్రమ వద్దనుకొనేవారికి దానిమ్మ, అంజూర ఉన్నవి. అవీ ఆకు రాల్చేవే. మన ఎండకు అలవాటు పడినవి.

ఇంకొక మాట. ఈ పేటల్లో అద్దె కాగితం పదకొండు నెలలకు. చెట్టు కాపుకు రెండు మూడేళ్లు. ఇల్లు మారినప్పుడు సామాను లారీలో కుండీకి కూడా చోటుంచండి. నాటిన పిల్లవాడే మొదటి కాయ కోయాలి కదా!