పసుపంచు మొక్క

హిందూపురంలో మేముంటున్నది పాతకాలపు యిల్లు. నడిమింట్లో పట్టపగలు కూడా దీపం వేసుకుంటేగాని పుస్తకం చదవలేము. అక్కడ పెట్టిన క్రోటను రంగు పోగొట్టుకుంది. గులాబీ నెల తిరక్కుండానే మోడయింది. చివరకు మా ఆవిడ నర్సరీనుంచి మరో మొక్క తెచ్చింది. కత్తుల్లా నిటారుగా లేచిన ఆకులు, వాటి మీద పాముచారలు, రెండు పక్కలా పసుపు అంచు. స్నేక్ ప్లాంట్ అన్నారట. ఇంగ్లీషువాళ్ళు దీన్ని 'అత్తగారి నాలుక' అని కూడా అంటారు. ఆ పేరు మాత్రం నేను యింట్లో చెప్పలేదు. ఎందుకంటే ఆ నెలలోనే మా అమ్మ పెనుకొండనుంచి మా దగ్గరికి వచ్చేసింది.

అమ్మకు ఆ మొక్క మీద ప్రేమ పుట్టింది. రోజూ పూజకు ముందు దానికొక చెంబెడు నీళ్ళు. రెండు నెలల్లో ఆకులు మొదట్లో మెత్తబడి, ఒకటొకటే ఒరిగిపోయాయి. కుండీ బోర్లించి చూస్తే దుంప కుళ్ళి వుంది.

"నీళ్ళెక్కువైనాయమ్మా," అన్నాను.

"నీళ్ళెక్కువై చచ్చే చెట్టు మన సీమలో యాడన్నా వుందేమిరా?" అంది.

ఆమెననడానికేముంది? ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం గడ్డ మీద, బిందెలు మోసి సంసారం యీదిన మనిషి. ప్రాణమున్నదానికి నీళ్ళు పోయకపోవడం పాపమని ఆమె నమ్మకం.

అయితే యీ మొక్క సంగతి వేరు. దీని పుట్టిల్లు పశ్చిమాఫ్రికా. మన దేశపు చాగనార దీనికి దగ్గరి చుట్టం. మూర్వ అంటే చాగే అని చెప్పేవారున్నారు. మూర్వనారతో పేనిన వింటినారి గనకే 'మౌర్వి' అయింది. ఆ మాటకు తరగతిలో ఎన్నిసార్లు అర్థం చెప్పానో! దాని వంశంవాళ్ళు మా నడిమింట్లో వున్నారని మాత్రం ఎరగను.

దీని ఆకులే నీటి తిత్తులు. తక్కిన మొక్కలు చాలావరకు పగలు ఆకురంధ్రాలు తెరుస్తాయి. యిది రాత్రి తెరుస్తుంది. అందువల్ల తడి అంతగా ఆవిరికాదు. పైగా వెలుగు తక్కువైనచోట పెరుగుదల మందగిస్తుంది, దాహమూ తగ్గుతుంది. పోసిన నీరు కుండీలో నిలిచి వేళ్ళను కుళ్ళబెడుతుంది. చీకటిని ఓర్చుకుంటుందంటే చీకటే కావాలని కాదు సుమండీ! కిటికీకి దగ్గరగా జరిపితే సంతోషిస్తుంది. ఒక్కసారిగా మండుటెండలో పెడితే ఆకు మాడుతుంది. పసిపిల్లలు, పిల్లులు కొరకకుండా చూసుకోవాలి; ఆకులో కొంచెం విషముంది.

పోతూ పోతూ మిగిలిన మంచి ఆకు ఒకటి ధర్మవరంలో మా అక్కకు యిచ్చాను. ముక్కలు కోసి నాటింది. కొన్ని నెలలకు పిలకలు వచ్చాయి. అన్నీ ఉత్త ఆకుపచ్చవే.

"అంచు యాడికి పోయిందప్పా?" అంది, మగ్గాల వీధిలో కాపురముండే మా అక్క.

"చీరలో అంచు పడుగు వేరు, లోపలి పడుగు వేరు కదక్కా? ఆకులోనూ అంతే," అన్నాను. పసుపంచు కణాలు వేరు, లోపలి పచ్చకణాలు వేరు. ఆకుముక్కనుంచి పుట్టే పిలక సాధారణంగా పచ్చకణాలనుంచే వస్తుంది. అంచు కావాలంటే దుంపతో సహా పిలకను విడదీసి నాటుకోవాలి.

అదృష్టవశాత్తు మా దుంపలో ఒక మూల గట్టిగా మిగిలింది. కుళ్ళు కోసేసి, రెండు రోజులు నీడన ఆరబెట్టి, అడుగున చిల్లివున్న మట్టికుండీలో ఎర్రమన్ను, గరుకు యిసుక కలిపి నాటాను. ఎండాకాలంలో రెండుమూడు వారాలకు, చలికాలంలో నెలకోసారి నీళ్ళు చాలు. కాని అమ్మను ఉత్త చేతులతో కూర్చోబెట్టడమెలా? ఆదివారం ఆదివారం తడిగుడ్డతో ఆకుల దుమ్ము తుడవడమూ, రోజూ మట్టిలో వేలు గుచ్చి చూడడమూ ఆమెకే అప్పగించాను. రెండంగుళాల లోతున తడి తగిలితే చెంబు వెనక్కి పోవాలి.

మొన్న కొత్త పిలక లేచింది, రెండు పక్కలా పసుపు అంచుతో. అమ్మ వేలు గుచ్చి చూసి, "తడుందిలేరా, యీ వారం వద్దు," అంది.

ఆ సంతోషంలో ఇంగ్లీషు పేరు మా ఆవిడకు చెప్పేశాను. "నాలుకెందుకండీ," అంది నవ్వి, "దీన్ని బతికించింది అత్తగారి వేలు కదా!"