ఖాళీ గడిలో సున్న పెట్టవచ్చా?

పిల్లలూ! తెలుగు టీచరుకు కంప్యూటర్ సంగతులెందుకని నవ్వుకోకండి. నాకు ఈ పాఠం నేర్పింది ఒక మార్కుల పట్టిక.

నాన్నగారి బదిలీ వల్ల ఒక అమ్మాయి సంవత్సరం మధ్యలో మా తరగతిలో చేరింది. అప్పటికే మొదటి పరీక్ష అయిపోయింది. ఆ గడి ఖాళీ. తరువాతి మూడు పరీక్షల్లో ఇరవైకి 18, 16, 17 తెచ్చుకుంది. సగటు 17 రావాలి. కంప్యూటర్ 12.75 చూపింది! ఖాళీ గడిలో సున్న వేసుకుని నాలుగుతో భాగించింది మరి. "అప్పుడు నేనిక్కడ లేనే లేను కదా, మేడమ్!" అంది ఆ పిల్ల, కళ్ళనీళ్ళతో.

విలువ ఇంకా తెలియని స్థితిని ప్రోగ్రామింగ్‌లో 'నల్' అంటారు. పైథాన్‌లో దాని పేరు 'నన్'. సున్న అంటే తెలిసిన విలువ. నల్ అంటే విలువే లేదు. నన్‌ను మరో సంఖ్యతో కూడబోతే పైథాన్ తప్పు చూపి ఆగిపోతుంది. అలా ఆగకుండా ముందే ఇచ్చే విలువే 'డిఫాల్ట్'.

గ్రంథాలయంలో ఇంకా పుస్తకమే తీసుకోనివారి లెక్కకు డిఫాల్ట్ 0 సరిపోతుంది. రాయని పరీక్షకు సరిపోదు. ఎస్‌క్యూఎల్‌లో సగటు తీసే 'ఏవీజీ' నల్ గడులను వదిలేసి లెక్క కడుతుంది. మన అమ్మాయికి 17 వస్తుంది. 'ఇఫ్‌నల్'తో ముందే 0 నింపితే మళ్ళీ 12.75!

ఇంకో చిక్కు ఉంది. పైథాన్‌లో 'మార్కులు ఆర్ 10' అని అడ్డదారిలో రాస్తే, నిజంగా సున్న వచ్చినవారికీ 10 పడుతుంది. 'ఆర్' దృష్టిలో సున్న, నన్ రెండూ ఒకటే. అందుకే 'ఈజ్ నన్' అని సూటిగా అడిగి, అవునంటేనే డిఫాల్ట్ ఇవ్వాలి.

1965లో ఆల్గాల్ డబ్ల్యూ భాషలో నల్ సూచికను చేర్చిన టోనీ హోర్, 2009లో దాన్ని తన వంద కోట్ల డాలర్ల తప్పుగా చెప్పుకున్నారు. నల్ ఉందో లేదో చూడడం మరచి ఎన్నో ప్రోగ్రాములు కూలిపోయాయి మరి.

మన తెలుగులోనూ సున్న ఖాళీ కాదు. 'పంట'లో సున్న తీసేస్తే 'పట' మిగులుతుంది!

చివరకు ఆ గడిలో గీత పెట్టి, మూడు పరీక్షలకే సగటు వేశాం. కొత్త బడిలో మీ పట్టికలో ఎక్కడైనా రాయని పరీక్షకు సున్న కనిపిస్తే, వెంటనే మీ టీచరుకు చెప్పండి.