గట్టు మీద పోసిన పూడిక

వేసవిలో కాలువలు కట్టేశాక గోదావరి జిల్లాల్లో పూడికతీత మొదలవుతుంది. తీసిన మట్టిని దూరం మోసే ఖర్చెందుకని చాలాచోట్ల గట్టు మీదే పోసేస్తారు. నాలుగు వానలు పడేసరికి అందులో కొంత మళ్లీ కాలువలోకే దిగుతుంది. మూతపడ్డ ఫ్యాక్టరీల నేలను శుద్ధి చేశారన్న వార్త చదివినప్పుడల్లా నాకు ఆ గట్టే గుర్తొస్తుంది.

మంటయితే కంటికి కనబడుతుంది. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి 65 రోజులు మండింది. ఆరిన రోజున కోనసీమ ఊపిరి పీల్చుకుంది. నేలలో ఇంకిన పాదరసానికీ, రసాయన ద్రావకాలకూ ఆరే రోజంటూ ఉండదు. గేటుకు తాళం పడ్డాక కూడా అవి కిందికి దిగుతూనే ఉంటాయి.

ఈ కథలో మనకు దగ్గరి బంధువు పటాన్‌చెరు. అక్కడి మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలం ఇసకవాగు, నక్కవాగుల గుండా మంజీరలోకి చేరేది. మంజీర వచ్చి కలిసేది మన గోదావరిలోనే. ఆ ఫ్యాక్టరీల నీటిని శుద్ధి చేసే ఉమ్మడి ప్లాంటు నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించిన స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ఒక లెక్క ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్! ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. కోర్టుల చుట్టూ తిరుగుతూ ఏళ్లు గడిచాక దొరికిన పరిష్కారం ఒక గొట్టం. ప్లాంటు నీటిని హైదరాబాద్ మురుగులో కలిపి అంబర్‌పేటకు పంపడం, అక్కడ మళ్లీ శుద్ధి చేసి మూసీలో వదలడం. మూసీ వెళ్లేది కృష్ణకు. అంటే గోదావరి గట్టు మీది పూడిక కృష్ణ గట్టు మీదికి మారింది.

2020 మే 7న విశాఖ వెంకటాపురంలో ఒక ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ ఆవిరి 12 మంది ప్రాణాలు తీసింది. ఆ తర్వాత ఫ్యాక్టరీలోనూ పోర్టు ట్యాంకుల్లోనూ మిగిలిన 13,000 టన్నుల స్టైరీన్‌ను ఓడలకెక్కించి కొరియాకు తిప్పి పంపారు. భోపాల్‌దైతే మరీ విడ్డూరం. 40 ఏళ్లు ఫ్యాక్టరీ ఆవరణలో పడివున్న 337 టన్నుల విషాన్ని 2025 జనవరిలో పీథంపూర్‌కు తరలించారు. మా ఊరికొద్దంటూ అక్కడి జనం రోడ్డెక్కారు. చివరికి కాల్చారు. కాల్చేటప్పుడు సున్నం కలిపినందువల్ల మిగిలిన బూడిద అసలు చెత్తకంటే ఎక్కువే తూగింది. ఇక ఫ్యాక్టరీ చుట్టూ నేలలో, బావుల్లో ఇంకినది ఎక్కడికీ కదల్లేదు.

డెల్టాలో నేలను శుద్ధి చేసే పని ఇంకా కష్టం. మెట్ట ప్రాంతంలో విషపు మట్టి మీద బంకమన్ను, ప్లాస్టిక్ పొర కప్పి వాన నీరు దిగకుండా ఆపొచ్చు. కోనసీమలో వర్షాకాలం నాలుగడుగులు తవ్వితే నీరు ఊరుతుంది. పైన ఎంత కప్పినా, తడి అడుగు నుంచే వస్తుంది. ధవళేశ్వరం ఆనకట్ట పుణ్యమా అని ప్రతి చేనుకూ ఒక బోదె ఉంది, ప్రతి బోదె చివరా ఒక మురుగు కోడు ఉంది. ఇక్కడ ఒకరి పొలం తడి ఒకరి పొలంతో ఆగదు. మట్టిని తవ్వి తీయాలంటే ముందు నీటిని తోడాలి. తోడిన నీటిని శుద్ధి చేయకుండా కోడులో వదిలితే పక్కవాడి చేపల చెరువుకు పంపినట్టే.

2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల కోసం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. దేశంలో గుర్తించినవి 103 స్థలాలు, అప్పటికి శుద్ధి మొదలైనవి 7. అనుమానిత స్థలాల జాబితాను జిల్లా యంత్రాంగమో, స్థానిక సంస్థలో ఆరు నెలలకోసారి తయారుచేయాలి. పరీక్షించే పని కాలుష్య నియంత్రణ మండలిది. పాడుచేసినవారే ఖర్చు భరించాలన్నది మూల సూత్రం. కంపెనీ చేతులు మారినచోట ఆ సూత్రం ఎంత దూరం వెళ్తుందో భోపాల్‌ను చూస్తే అర్థమవుతుంది.

నా దృష్టిలో జాబితాకు మొదటి ఆధారం ప్రయోగశాల కాదు, రిటైరైన కార్మికుడు. ఏ మూల గొయ్యి తవ్వి పూడ్చారో, ఏ గొట్టం ఏళ్ల తరబడి కారిందో, ఏ షెడ్డు వెనక డ్రమ్ములు తుప్పుపట్టాయో అతనికి తెలుసు. మూతపడ్డ మిల్లుల్లో పనిచేసినవాళ్లు ఇంకా ఉండగానే, కలెక్టరేట్ నుంచి ఎవరో ఒకరు కాగితం పట్టుకుని వాళ్ల అరుగు మీద కూర్చోవాలి.