హైటెన్షన్ లైన్ కింద జీపీఎస్ తప్పు చూపిస్తే… తప్పు కరెంటుదా, యాంటెన్నాదా?

మా బాబాయికి పక్క పొలం ఆయనతో రెండు మీటర్ల గట్టు తగువు. "నీ ఫోన్లో ఈ రెండు రాళ్ల మధ్య దూరం చూడరా, ఎఫ్ఎంబీలో కొలతతో సరిపోతుందేమో" అన్నాడు. ఒక రాయి హైటెన్షన్ టవర్ పక్కనే ఉంది. మూడుసార్లు చూస్తే మూడు లెక్కలొచ్చాయి. "కరెంటు లాగేస్తోంది" అని బాబాయి తేల్చేశాడు. బీటెక్ చదివి నేనూ తలూపాను!

కానీ ఆలోచించండి. లైన్లో కరెంటు 50 హెర్ట్జ్. జీపీఎస్ ఎల్1 సిగ్నల్ 1575.42 మెగాహెర్ట్జ్. రెండిటికీ పొంతనే లేదు. తీగల దగ్గర వచ్చే గరగర మీడియం వేవ్ రేడియోని పాడు చేస్తుంది గానీ, ఇంత పైకొచ్చేసరికి బాగా నీరసపడిపోతుంది. లూజ్ ఫిట్టింగ్ దగ్గర స్పార్కులు కొడుతుంటే మాత్రం కొంచెం అనుమానించాలి.

అసలు దొంగ టవర్ ఇనుము. సిగ్నల్ దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి కుడివైపు మెలితిరుగుతూ వస్తుంది. ఇనుముకి తగిలి తిరిగొస్తే ఆ మెలిక చాలావరకు ఎడమకి మారిపోతుంది. పైగా చుట్టుదారిలో లేటుగా వస్తుంది కాబట్టి దూరం లెక్క తప్పుతుంది. మంచి సర్వే యాంటెన్నా కుడి మెలికనే బాగా తీసుకుంటుంది, ఎడమదాన్ని చాలావరకు వదిలేస్తుంది. కింద ఉండే లోహపు పళ్లెం నేల నుంచి ఎగిరొచ్చేవాటిని అడ్డుకుంటుంది. లోపలి ఫిల్టర్ వేరే ఫ్రీక్వెన్సీల గోలని ఆపుతుంది.

మన ఫోన్లో యాంటెన్నా సన్నటి లోహపు ముక్క. దానికి కుడీ ఎడమా తేడా తెలీదు, వచ్చిందల్లా మింగేస్తుంది. ఓపెన్ ప్లేస్‌లోనే ఫోన్‌కి ఐదు మీటర్ల దాకా తేడా మామూలు. దాంతో రెండు మీటర్ల తగువు తీర్చబోయాను, చూడండి నా తెలివి!

తర్వాత ఫ్రెండ్ దగ్గర ఆర్‌టీకే రిసీవర్ తెచ్చాను. మొదట దాని చిన్న పాచ్ యాంటెన్నా పెడితే టవర్ పక్కన "ఫ్లోట్" దాటలేదు. సర్వే యాంటెన్నా మార్చాక "ఫిక్స్" వచ్చింది. మూడు రీడింగులూ రెండు సెంటీమీటర్ల లోపే కలిశాయి. ఒక్కమాట: స్టీల్ పోల్ పైకెత్తి తీగల కింద తిరగకండి, ప్రాణాలు పోతాయి. నేను పోల్ పొట్టిగా పెట్టుకున్నా.

ఎఫ్ఎంబీ కంటే దూరం 40 సెంటీమీటర్లు తక్కువొచ్చింది. ఏ రాయి జరిగిందో రిసీవర్ చెప్పదు కదా. బాబాయీ, పక్కాయనా కలిసే సర్వేయర్‌కి అర్జీ పెట్టారు.