కాలువ గట్టుపై తెల్లపూత: ఆమ్లం కంటే ముందు వాన నీరు

నల్గొండ, మహబూబ్‌నగర్ మెట్ట గ్రామాల్లో వేసవి చివర బోరు కాలువల గట్లపై తెల్లని పూత కనిపిస్తుంది. దానిపై నాలుగు చుక్కల సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి, పొంగు రాగానే సున్నమని తేల్చడం మనకు అలవాటు. పొంగు కార్బొనేట్ ఉనికిని మాత్రమే తెలుపుతుంది. దానితో కలిసి ఉన్నది కాల్షియమా, సోడియమా అన్నది తెలుపదు. రైతుకు ఇవ్వవలసిన సలహా ఆ తేడాపైనే ఆధారపడి ఉంటుంది.

కాబట్టి ముందుగా పూతను వాన నీటిలో కలిపి వడగట్టాలి. సున్నం దాదాపు కరగక మిగిలి, ఆమ్లానికి పొంగుతుంది. సోడా కరిగిపోతుంది, వడగట్టిన నీటిలో ఆమ్లం వేస్తే బుడగలు వస్తాయి. మామూలు ఉప్పు కరుగుతుంది గాని పొంగదు. ఈ పరీక్షకు బోరు నీరు పనికిరాదు, అందులో బైకార్బొనేట్ ముందే ఉంటుంది.

ఆ బైకార్బొనేట్ కూడా వాన నుంచి మొదలైనదే. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరగడం వల్ల స్వచ్ఛమైన వాన నీటి ఉదజని సూచిక సుమారు 5.6 ఉంటుంది. నేలలోకి ఇంకేటప్పుడు వేర్లు, సూక్ష్మజీవులు విడిచిన వాయువును మరింత గ్రహించి, గ్రానైటు శిలలోని ఫెల్డ్‌స్పార్‌ను క్రమంగా శిథిలం చేస్తుంది. సోడియం, కాల్షియం, బైకార్బొనేట్ నీటిలో చేరతాయి. నీరు ఆవిరయ్యేకొద్దీ కాల్షియం సున్నపు గుల్లలుగా విడిపోతుంది, సోడియం మిగులుతుంది. కాల్షియం తగ్గిన నీటిలో ఫ్లోరైడ్ అవక్షేపించదు. నల్గొండ ఫ్లోరోసిస్‌కు ఒక మూలం ఇదే.

నమూనా నివేదికలో విద్యుత్ వాహకత తక్కువగా ఉంటే నీరు మంచిదని రాసి పంపుతాం. అదే నీటిలో కార్బొనేట్, బైకార్బొనేట్‌ల మొత్తం నుంచి కాల్షియం, మెగ్నీషియంల మొత్తాన్ని తీసివేస్తే మిగిలే అవశేష సోడియం కార్బొనేట్, లీటరుకు 2.5 మిల్లీ ఈక్వివలెంట్ల హద్దును దాటి ఉండవచ్చు. అటువంటి నీటిని వేసవి అంతా పారించిన చల్కా నేలపై తొలకరి పడితే పైలవణాలు కడిగిపోతాయి, బంకమట్టి పట్టుకున్న సోడియం పోదు. లవణాల వల్ల అంతవరకు ఒకటిగా అంటి ఉన్న రేణువులు స్వచ్ఛమైన నీరు తగలగానే విడిపోయి, రంధ్రాలను పూడ్చి, ఆరిన తరువాత పెచ్చు కడతాయి. మొలక పైకి రాదు. రైతు విత్తనాన్ని నిందిస్తాడు. నివేదికపై సంతకం మాత్రం మనది.

అవశేష సోడియం కార్బొనేట్‌ను లీటరుకు ఒక మిల్లీ ఈక్వివలెంటు తగ్గించాలంటే 86 మిల్లీగ్రాముల శుద్ధ జిప్సం కావాలి. ఎకరానికి ఒక అంగుళం తడి లెక్కన ఇది సుమారు 9 కిలోలు. సరుకు శుద్ధతను బట్టి ఇంకా పెంచాలి. నేలలో సున్నం ఉన్నది కదా అని ఊరుకోరాదు. ఉదజని సూచిక 8 దాటిన నేలలో అది కరిగేది అత్యల్పం. నేలకు వేసే జిప్సంను తొలకరికి ముందే చల్లి పైమట్టిలో కలపాలి. అప్పుడు ఆ వానే దానిని కరిగించి, విడుదలైన సోడియంను వేర్ల కిందికి తీసుకుపోతుంది.